తలుపు తీస్తే సరిపోదు: ఓపెన్ ఇన్నోవేషన్ ఎక్కడ పండుతుంది, ఎక్కడ ఎండిపోతుంది

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు నౌక రాతిదిబ్బకు గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. అంత చల్లటి చోట చమురును నీటిమీద నుంచి బార్జీల్లోకి (సరుకు మోసే చదునైన పడవల్లోకి) తోడటం ఒక ఎత్తు, తోడిన చమురును మళ్లీ బార్జీల్లోంచి బయటికి తీయడం ఇంకో ఎత్తు. చలికి చమురూ నీళ్లూ కలిసి ముద్దలా పేరుకుపోతాయి, పంపులు లాగలేవు. చమురు రంగంలో పండిపోయినవాళ్లకు కూడా ఏళ్ల తరబడి దీనికి సరైన మందు దొరకలేదు.

ఆ తీరంలోనే పనిచేసే ఆయిల్ స్పిల్ రికవరీ ఇన్‌స్టిట్యూట్ 2007లో ఈ సమస్యను ఇన్నోసెంటివ్ అనే వేదిక మీద అందరి ముందూ పెట్టింది. పరిష్కారం చెప్పినవాళ్లకు 20,000 డాలర్లు అంది. బహుమతి గెలిచింది ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఒక కెమిస్ట్. ఆయనకు చమురు పరిశ్రమతో సంబంధం లేదు. కానీ కాంక్రీట్ పోయడం చూశాడు. పోసిన కాంక్రీట్ బిగుసుకుపోకుండా అందులో వైబ్రేటర్ దించి కదుపుతూ ఉంటారు కదా, అదే పనిముట్టును బార్జీలోని చమురులోకి దించితే అది కూడా కదులుతూ పారుతుందని చెప్పాడు. అంతే.

సంస్థలు బయటి ఆలోచనలను లోపలికి తెచ్చుకోవడం, లోపలివి బయటికి ఇవ్వడం, దీన్నే ఓపెన్ ఇన్నోవేషన్ అంటారు. దాని గురించి ఎవరు మాట్లాడినా ఈ ఉదాహరణ ఎక్కడో ఒకచోట వస్తుంది. ‘చూశారా, బయట ఎంత తెలివి ఉందో’ అని ముగిస్తారు. ఆ మాట నిజమే. కానీ బయట తెలివి ఎప్పుడూ ఉంది. దాన్ని అడగడానికి, అడిగాక అందుకోవడానికి, అందుకున్నాక దానికి డబ్బు పెట్టి వాడటానికి లోపల ఎవరైనా సిద్ధంగా ఉన్నారా అన్నదే ప్రశ్న. ప్రభుత్వాలూ పెద్ద కంపెనీలూ ఓపెన్ ఇన్నోవేషన్‌ను ప్రోత్సహిస్తున్నామని చెప్పినప్పుడు నేను ముందు చూసేది ఇదే. తలుపు తీయడం ఇందులో సులువైన పని.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది

20వ శతాబ్దంలో చాలాకాలం పెద్ద కంపెనీల పద్ధతి ఒక్కటే. మంచి శాస్త్రవేత్తలను ఉద్యోగంలో పెట్టుకో, పెద్ద ల్యాబ్ కట్టు, కనిపెట్టింది పేటెంట్ చెయ్యి, నువ్వే తయారు చెయ్యి, నువ్వే అమ్ము. లోపలి సంగతి బయటికి పొక్కకూడదు, బయటి వస్తువు లోపలికి రాకూడదు.

జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలో పెట్టిన పార్క్ అనే పరిశోధనాశాల ఈ పద్ధతికి శిఖరం, దాని పరిమితికి సాక్ష్యం కూడా. లేజర్ ప్రింటర్, కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్, మౌస్‌తో కిటికీలు తెరిచి మూసే తెర, ఇవన్నీ అక్కడ రూపుదిద్దుకున్నాయి. లేజర్ ప్రింటర్ జిరాక్స్‌కు బాగానే డబ్బు తెచ్చింది. మిగతావాటిలో చాలా భాగం కాపీ మెషీన్ల వ్యాపారంలో ఇమడలేదు. ఈథర్‌నెట్ సృష్టికర్తల్లో ఒకరైన బాబ్ మెట్‌కాఫ్ బయటికి వెళ్లి 1979లో త్రీకామ్ పెట్టాడు. ఇద్దరు సహోద్యోగులు 1982లో అడోబీ పెట్టారు. ఇల్లు వదిలి వెళ్లిన ఆలోచనలే బయట పెద్దవయ్యాయి.

హెన్రీ చెస్‌బ్రో అనే అధ్యాపకుడు ఇలా జిరాక్స్ నుంచి విడిపోయిన కంపెనీలను ఏళ్లపాటు పరిశీలించి, 2003లో ఓపెన్ ఇన్నోవేషన్ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆయన చెప్పింది రెండు దారుల గురించి. ఒకటి, బయటి ఆలోచనను లోపలికి తెచ్చుకోవడం. రెండోది, లోపల పడి ఉన్న ఆలోచనను బయటివాళ్లకు ఇవ్వడం. ఉచితంగానో, లైసెన్సు మీదో, కొత్త కంపెనీగా విడదీసో. మొదటి దారి గురించే అందరూ మాట్లాడతారు. రెండోదాని మీద చర్చ చాలా తక్కువ.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకుని ముందుకు పోదాం. ఓపెన్ ఇన్నోవేషన్, ఓపెన్ సోర్స్ ఒకటి కావు. ఓపెన్ సోర్స్‌లో సాఫ్ట్‌వేర్ కోడ్ అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు. ఓపెన్ ఇన్నోవేషన్‌లో పేటెంట్లు ఉంటాయి, ఒప్పందాలు ఉంటాయి, డబ్బులు చేతులు మారతాయి. ‘ఓపెన్’ అంటే సంస్థ చుట్టూ ఉన్న గోడకు గుమ్మాలు పెట్టడం. గోడ పడగొట్టడం కాదు.

కంపెనీల వైపు నుంచి

2000లో ఇంటి సరుకులు అమ్మే ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ షేరు కుప్పకూలింది. కొత్తగా వచ్చిన సీఈవో ఏ.జీ. లాఫ్లీ ఒక లక్ష్యం పెట్టాడు: కంపెనీ కొత్తదనంలో సగం బయటి నుంచి రావాలి. దాని వెనక లెక్క తేలికైనది. కంపెనీలో ఉన్న పరిశోధకులు సుమారు 7,500 మంది. ఒక్కొక్కరికి సరిజోడు అనదగ్గవాళ్లు బయట 200 మంది ఉన్నారనుకుంటే 15 లక్షల మంది. వాళ్లందరినీ ఉద్యోగంలో పెట్టుకోలేం. వాళ్లు చేసినదాన్ని వెతకగలం.

ఎలా వెతికారో దగ్గరగా చూస్తే అసలు పని తెలుస్తుంది. ప్రింగిల్స్ చిప్స్ మీద బొమ్మలు, పొడుపుకథలు ముద్రించాలన్న ఆలోచన వచ్చింది. పాత పద్ధతిలో అయితే ప్రింటర్ కంపెనీతో కలిసి తినదగిన సిరా తయారు చేసుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లు. ఈసారి తమకు కావలసింది ఏమిటో సాంకేతికంగా విడమర్చి ఒక పత్రం రాసి, ప్రపంచమంతటా తమకున్న పరిచయాలకు పంపారు. యూరప్ పరిచయాల ద్వారా ఇటలీలోని బొలోన్యా నగరంలో ఒక చిన్న బేకరీ దొరికింది. దాన్ని నడిపే విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ కేకుల మీద బొమ్మలు ముద్రించే ఇంక్‌జెట్ పద్ధతి ఒకటి అప్పటికే తయారు చేసుకున్నాడు. దాన్నే చిప్స్‌కు మార్చుకున్నారు. 2004లో సరుకు మార్కెట్లోకి వచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ పత్రం. ‘చిప్స్ మీద ముద్రణ’ అని అడిగి ఉంటే బేకరీవాడికి అది తన సంగతి అనిపించేది కాదు. సమస్యను మన పరిశ్రమ భాషలోంచి విడదీసి, వేరే రంగంలో ఉన్నవాడికి కూడా ‘ఇది నాకు తెలిసిందే’ అనిపించేలా రాయాలి. అలా రాయడానికి చాలా ఓపిక, రంగం మీద గట్టి పట్టు కావాలి. చాలా కంపెనీలు ఇక్కడే బోల్తా పడతాయి. ‘మా కస్టమర్ అనుభవాన్ని మార్చే వినూత్న ఆలోచనలు పంపండి’ అంటారు. ఏమీ అడగకుండా అడగడం అది. వేలల్లో వస్తాయి, ఎవరూ చదవరు.

దూరపు రంగంవాళ్లకు పరిష్కారం తట్టడం అదృష్టం కొద్దీ జరిగేది కాదని పరిశోధన కూడా చెబుతోంది. లార్స్ బో జెప్పెసెన్, కరీమ్ లఖానీ అనే ఇద్దరు ఇన్నోసెంటివ్‌లో పెట్టిన 166 సమస్యలను పరిశీలించారు. కంపెనీల సొంత ల్యాబుల్లో తేలని సమస్యలవి. వాటిలో మూడో వంతుకు దగ్గరగా పరిష్కారం దొరికింది. సమస్య తమ రంగానికి ఎంత దూరమైతే గెలిచే అవకాశం అంత పెరిగింది. దగ్గరివాళ్లు తవ్విన చోటే తవ్వుతారు, దూరంవాడికి ఆ గొయ్యి కనిపించదు కాబట్టి వేరే చోట తవ్వుతాడు.

స్టార్టప్‌లతో పనిచేయడంలో ఇంకో తేడా ఉంది. పోటీ పెట్టి, ఫోటో దిగి, మెంటర్ షిప్ అంటూ ఆరు నెలలు తిప్పే కార్యక్రమాలు ఎన్నో. బీఎండబ్ల్యూ 2015లో మొదలుపెట్టిన స్టార్టప్ గ్యారేజ్ దారి వేరు. స్టార్టప్‌లో వాటా కొనకుండా, సలహాలతో సరిపెట్టకుండా, దాని తొలి ఉత్పత్తికి పర్చేజ్ ఆర్డర్ ఇస్తుంది. దీన్ని వెంచర్ క్లయింట్ పద్ధతి అంటున్నారు. చిన్న కంపెనీకి ప్రశంసాపత్రం కన్నా పర్చేజ్ ఆర్డర్ వెయ్యి రెట్లు విలువైనది. జీతాలు ఇవ్వొచ్చు, తర్వాతి కస్టమర్‌కు చూపించొచ్చు. స్టార్టప్‌లను నిజంగా ప్రోత్సహించాలనుకునే కంపెనీ ముందుగా తన కొనుగోలు విభాగంతో మాట్లాడాలి. మూడేళ్ల బ్యాలెన్స్ షీట్ అడిగే ఫారం ఉన్నంతకాలం ఆరు నెలల కంపెనీ లోపలికి రాలేదు.

ఇక రెండో దారి, లోపలిది బయటికి ఇవ్వడం. 1959లో వోల్వో ఇంజనీర్ నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టు రూపొందించాడు. ఆ పేటెంట్‌ను కంపెనీ అన్ని కార్ల తయారీదారులకూ వదిలేసింది. ఈ రోజు మనం కారెక్కి లాక్కునే బెల్టు అదే. ఇలాంటి ఉదారత అరుదు, దాన్ని మనసారా మెచ్చుకోవాలి. ఎక్కువసార్లు ఇచ్చేదాని వెనక వ్యాపార లెక్క ఉంటుంది. ఐబీఎం 2001లో లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద 100 కోట్ల డాలర్లు పెడుతున్నానంది, 2005లో 500 పేటెంట్లను ఓపెన్ సోర్స్ కోసం వదిలింది. ఆపరేటింగ్ సిస్టమ్ అందరిదీ అయితే దాని పైన అమ్మే సర్వర్లు, సేవలకు గిరాకీ పెరుగుతుంది. టెస్లా 2014లో పేటెంట్ల మీద కేసులు వేయబోమంది, కానీ సద్భావనతో వాడుకునేవాళ్ల మీద మాత్రమే అని షరతు పెట్టింది. స్వార్థం ఉండటం తప్పు కాదు. ఆ స్వార్థం ఏమిటో తెలిస్తే ఆ బహుమానం రేపు కూడా ఉంటుందా లేదా అని ఊహించొచ్చు.

ప్రభుత్వం చేతిలో ఉన్నవి

ప్రభుత్వాల చేతిలో ముఖ్యమైన పరికరాలు నాలుగు ఉన్నాయి. అన్నిటికన్నా పాతది బహుమతి.

1707లో సిల్లీ దీవుల దగ్గర నాలుగు బ్రిటిష్ యుద్ధనౌకలు రాళ్లకు తగిలి మునిగి 1,400 మందికి పైగా నావికులు చనిపోయారు. సముద్రం మధ్యలో తూర్పు పడమరల దిశగా ఎక్కడున్నామో తెలుసుకునే నికరమైన పద్ధతి ఆ రోజుల్లో లేదు. 1714లో పార్లమెంటు చట్టం చేసి, రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పగలిగితే 20,000 పౌండ్లు ఇస్తామంది. జవాబు ఖగోళ శాస్త్రం నుంచి వస్తుందని పెద్దలందరి నమ్మకం. వచ్చింది జాన్ హారిసన్ అనే వడ్రంగి దగ్గర నుంచి. ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా గడియారాలు నేర్చుకున్నాడు. ఓడ ఊగినా, ఎండావానా మారినా తప్పని గడియారం చేస్తే, బయల్దేరిన చోటి సమయంతో పోల్చి ఎక్కడున్నామో లెక్క కట్టొచ్చన్నది దారి. 1761లో ఆయన నాలుగో గడియారం జమైకాకు బయల్దేరింది. 81 రోజుల ప్రయాణంలో 5 సెకన్లు తప్పింది.

ఆయనకు బహుమతి ఇవ్వాల్సిన మండలి, ఇది అదృష్టం కావచ్చు, ఇంకోసారి వెళ్లండి అంది. 1764లో బార్బడోస్ ప్రయాణంలోనూ గడియారం నిలబడింది. అప్పుడు లోపలి రహస్యమంతా విప్పి చెప్పాలంది, సగం సొమ్ము ఇచ్చింది, మిగతా సగానికి ఇంకా కాపీలు చేసి చూపాలంది. చివరికి మూడో జార్జి రాజు కల్పించుకుంటే 1773లో పార్లమెంటు ఇంకో 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి హారిసన్‌కు 80 ఏళ్లు. మండలి మధ్యమధ్యలో ఆయన పనికి ధనసాయం చేసిన మాట నిజం, రహస్యం విప్పమనడంలో, కాపీలు అడగడంలో న్యాయం కూడా ఉంది. ఒక్క మనిషి ఒక్కటే చేయగల గడియారం నౌకాదళానికి పనికిరాదు. కానీ ఆ నిబంధనలు ముందే రాసి ఉండాల్సింది. గెలిచాక మార్చిన నిబంధన గెలిచినవాడి జీవితాన్ని తినేస్తుంది. తీర్పు చెప్పేవాళ్లలో, గడియారానికి పోటీగా నక్షత్రాల లెక్కను నమ్మే ఖగోళ శాస్త్రవేత్తలు ఉండటం ఇంకో లోపం.

బహుమతి సరిగ్గా పెడితే ఏమవుతుందో చూడాలంటే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడిపిన పోటీ చూడాలి. 2004 మార్చిలో మొహావే ఎడారిలో, డ్రైవర్ లేకుండా 142 మైళ్లు నడిచే వాహనానికి 10 లక్షల డాలర్లు అంది. అందరికన్నా ముందు వెళ్లిన బండి 8 మైళ్లు కూడా దాటలేదు. బయటివాళ్లకు అది పరాభవం. డార్పా మాత్రం బహుమతి రెట్టింపు చేసి మరుసటి ఏడాదే మళ్లీ పెట్టింది. 2005లో 5 వాహనాలు గమ్యం చేరాయి, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల స్టాన్లీ గెలిచింది.

ఆ పోటీలో గెలవని ఒక పేరు వెలోడైన్. లౌడ్ స్పీకర్లు అమ్ముకునే కంపెనీ అది. ఆ యజమాని సరదా కొద్దీ పోటీకి దిగి, వాహనానికి కళ్లు సరిగ్గా లేవని గమనించి, గిరగిరా తిరుగుతూ చుట్టూ లేజర్ కిరణాలు పంపే లైడార్ తయారు చేశాడు. డార్పా 2007లో మళ్లీ పెట్టిన పోటీని పూర్తి చేసిన 6 జట్లలో 5 అదే వాడాయి. పోటీ ఫలితం విజేతతో ఆగదు. ఓడినవాళ్లు ఏం నేర్చుకున్నారు, ఎవరితో కలిశారు అన్నదే ఒక పరిశ్రమను పుట్టించింది. ఒక్కసారి పోటీ పెట్టి మళ్లీ పెట్టకపోతే ఇది దక్కదు.

రెండో పరికరం డేటా. నా దృష్టిలో ఇది బహుమతికన్నా బలమైనది, ఎందుకంటే ప్రశ్న ఏమిటో ప్రభుత్వానికి తెలియనవసరం లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫోటోలు తీస్తున్నాయి. మధ్యలో దాన్ని వ్యాపారం చేద్దామని చూశారు, ఒక్కో చిత్రం ధర కొన్ని వేల డాలర్లకు పోయింది, తర్వాత 600 డాలర్లకు దిగింది. 2008లో మొత్తం ఉచితం చేశారు. అయిదేళ్ల తర్వాత మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచమంతటా అడవి ఎక్కడ తరిగింది, ఎక్కడ పెరిగింది అని పటం గీశారు. దానికి వాడిన చిత్రాలు 6,54,178. పాత ధరకు కొనాలంటే 39 కోట్ల డాలర్లు. ఆ డబ్బు ఏ విశ్వవిద్యాలయమూ పెట్టదు, కాబట్టి ఆ పటం ఉండేదే కాదు. ధర పెట్టిన కాలంలో ఇలాంటివి ఎన్ని పుట్టకుండానే పోయాయో లెక్క తీయలేం.

మానవ జన్యు పటం విషయంలోనూ అంతే. 1996లో బెర్ముడాలో కూర్చున్న శాస్త్రవేత్తలు, చదివిన జన్యుక్రమాన్ని 24 గంటల్లో బహిరంగం చేయాలని ఒప్పుకున్నారు. డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థలు ఆ నియమానికి అండగా నిలబడ్డాయి కాబట్టే అది అమలైంది.

మూడోది కొనుగోలు. అమెరికా 1982లోనే పెద్ద ప్రభుత్వ శాఖల పరిశోధన నిధుల్లో కొంత భాగం చిన్న కంపెనీలకే వెళ్లాలని చట్టం చేసింది. ఇంకాస్త తెలివైన పద్ధతి ముందస్తు హామీ. పేద దేశాల పిల్లల కోసం న్యుమోకోకల్ (న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా) టీకాలు చేస్తే కొంటామని కొన్ని ప్రభుత్వాలు, గేట్స్ ఫౌండేషన్ కలిసి 150 కోట్ల డాలర్లు పక్కన పెట్టాయి. 2009లో అది అమల్లోకి వచ్చింది. టీకా ఎలా చేయాలో చెప్పలేదు, ఎలాంటి టీకా కావాలో, ఎంతకు కొంటామో చెప్పారు.

నాలుగోది నియమాల సడలింపు. బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ 2016లో రెగ్యులేటరీ శాండ్‌బాక్స్ తెరిచింది. కొద్దిమంది కస్టమర్లతో, కొద్ది నెలలు, అధికారుల కళ్లెదుట కొత్త సేవను పరీక్షించుకోవచ్చు. చాలా దేశాలు దాన్ని అనుసరించాయి.

ఎక్కడ చెడుతుంది

నెట్‌ఫ్లిక్స్ 2006లో, సినిమాలు సూచించే తన పద్ధతిని 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు అంది. మూడేళ్లపాటు ప్రపంచమంతా కుస్తీ పట్టింది. 2009లో రెండు జట్లు ఒకే ఫలితం చూపించాయి, 20 నిమిషాలు ముందు పంపినవాళ్లు గెలిచారు. గెలిచిన ఆ చివరి పద్ధతిని కంపెనీ పూర్తిగా అమల్లో పెట్టలేదు. దాన్ని తమ సిస్టమ్‌లో ఇమడ్చడానికి అయ్యే శ్రమకు తగిన లాభం లేదని తేల్చుకుంది. మధ్యలో వచ్చిన పద్ధతులను మాత్రం వాడుకుంది. పోటీ కోసం పేర్లు తీసేసి విడుదల చేసిన రేటింగులను ఇతర సమాచారంతో పోల్చి కొందరు మనుషులను గుర్తుపట్టొచ్చని ఇద్దరు పరిశోధకులు నిరూపించారు. కేసు పడింది, 2010లో రెండో పోటీ రద్దయింది. డేటా తెరిచేటప్పుడు పేర్లు చెరిపేస్తే చాలదని అందరికీ తెలిసొచ్చింది.

ఇంకో అడ్డంకి లోపలి మనుషులే. నాసా 2009 ప్రాంతంలో కొన్ని సమస్యలను బయట పెట్టినప్పుడు, సూర్యుడి నుంచి వచ్చే కణాల తుపానును ముందుగా పసిగట్టే మెరుగైన పద్ధతిని ఒక రిటైర్డ్ రేడియో ఇంజనీర్ ఇచ్చాడు. లోపలి ఇంజనీర్లలో కొందరు సంతోషించారు, కొందరు కుంచించుకుపోయారు. ‘పరిష్కారం చెప్పేది నేను’ అని జీవితమంతా నమ్మిన మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. వాళ్లను మొండివాళ్లని తీసిపారేయడం అన్యాయం. బయటి పరిష్కారాన్ని వెతికి తెచ్చి నిలబెట్టినందుకు ప్రమోషన్ వస్తుందా, సొంతంగా కనిపెడితేనే వస్తుందా? ఆ ఒక్క నియమం మారితే చాలా మొండితనం కరిగిపోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది హ్యాకథాన్ల (ఏకబిగిన కూర్చుని సాఫ్ట్‌వేర్ తయారు చేసే పోటీల) షరతులు. రెండు రాత్రులు నిద్ర మానుకుని యువత చేసిన పని మొత్తం, గెలిచినా ఓడినా, నిర్వాహక సంస్థ సొత్తు అవుతుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కొన్నిచోట్ల. దాన్ని ఓపెన్ ఇన్నోవేషన్ అనకూడదు. కూలి ఎగ్గొట్టడం అనాలి. న్యాయమైన పద్ధతి కష్టమేమీ కాదు: బహుమతి తీసుకున్నదానికే హక్కులు అడగాలి, అదీ వాడుకునే లైసెన్సు వరకు. మిగతావాళ్ల పని వాళ్లకే ఉండాలి. దరఖాస్తు చేసేవాళ్లు ముందు చదవాల్సింది ప్రైజ్ మనీ పేరా కాదు, హక్కుల పేరా. ఆ తర్వాత అడగాల్సింది, గెలిచాక మాతో మాట్లాడే మనిషి ఎవరు, ఆ మనిషి చేతిలో బడ్జెట్ ఉందా అని.

మొదటి రేఖాంశ చట్టానికి 300 ఏళ్లు నిండిన 2014లో బ్రిటన్ అదే పేరుతో కొత్త బహుమతి పెట్టింది. ఈసారి సమస్య యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా. ఏ మందు పనిచేస్తుందో డాక్టర్ దగ్గరే వేగంగా, చౌకగా తేల్చే పరీక్ష కావాలి. పదేళ్లు ఎవరూ ఆ గీత దాటలేదు. 2024 జూన్‌లో 80 లక్షల పౌండ్ల బహుమతి స్వీడన్‌లో పుట్టిన సిస్‌మెక్స్ ఆస్ట్రెగో పరీక్షకు దక్కింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో అది 45 నిమిషాల్లో చెబుతుంది. ఈసారి గెలిచినవాళ్లు రాజు దాకా పోవాల్సిన అవసరం రాలేదు. ఇక ఆ యంత్రాన్ని డాక్టర్లు కొనాలి. 45 నిమిషాలు ఆగమని రోగికి చెప్పాలి. ఆ పరీక్ష ఖర్చు యాంటీబయాటిక్ మాత్రలకన్నా ఎక్కువైనప్పుడు తేడా ఎవరు భరిస్తారో ఆరోగ్య శాఖలు తేల్చాలి.